అరంగుళం తేడా

పీరా క్రిములు చంపే లైసాల్ బకెట్లోంచి పదమూడో గాజు పళ్ళాన్ని పైకి తీసి, నీళ్ళు ఓడ్చి, అంచు చుట్టూ మొండి కత్తి తిప్పాడు. లోపల గట్టిపడి ఉన్న అగారు బిళ్ళ చప్పుడు లేకుండా ఊడి అతని అరచేతిలో పడింది. దాన్ని చెత్తడబ్బాలో వెయ్యబోయి ఆగాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కి చూశాడు. తడి చెయ్యి చొక్కాకి తుడుచుకుని మళ్ళీ నొక్కాడు.

అంతకుముందు తీసిన పన్నెండు బిళ్ళలూ ఇలా లేవు. ఇది పలచగా ఉంది.

పొద్దున ఎనిమిదిన్నర. నందిగామ దాటి చిల్లకల్లు వైపు వెళ్తుంటే హైవే పక్కన కనిపించే ఫార్మసీ కాలేజీలో, మొదటి అంతస్తులో మైక్రోబయాలజీ లాబ్. రెండువేల ఎనిమిది, ఏప్రిల్ నెల. కిటికీలోంచి సిమెంటు లారీల రొద తప్ప ఇంకో అలికిడి లేదు. ఈ వేళప్పుడు లాబ్ అంతా పీరాదే. తొమ్మిదిన్నరకి లెక్చరర్లు వచ్చేదాకా దాని రాజూ మంత్రీ బంటూ అన్నీ అతనే.

పద్నాలుగో పళ్ళెం తీశాడు. పలచన. పదిహేనోదీ అంతే. ఇరవై నాలుగూ తీసేసరికి బల్ల మీద రెండు వరసలయ్యాయి. ఎడమ వైపు పన్నెండు బిళ్ళలు మందంగా, కుడి వైపు పన్నెండు పలచగా ఉన్నాయి. ప్రతి బిళ్ళకీ మందు పోసిన నాలుగేసి చిల్లులున్నాయి. కుడి వైపువి కాస్త వెడల్పుగా కూడా ఉన్నాయి. పీరా స్టూలు లాక్కుని కూలబడ్డాడు. ఇరవై నాలుగు బిళ్ళల్నీ పోసింది తనే.

యాభయ్యేడేళ్ళ మనిషి. పొడుగ్గా, బక్కపల్చగా ఉంటాడు. కుడి తుంటి కొంచెం కిందికి దిగి ఉండడంతో నడిచేటప్పుడు ఒక పక్కకి ఒరుగుతాడు. పొట్టిగా కత్తిరించిన నెరసిన గడ్డం. ఉతికి ఉతికి తెల్లబారిన ఖాకీ చొక్కా, గోరంటూ కనపడకుండా తీసిన వేళ్ళు. రోజంతా నీళ్ళల్లో నానే చేతులు ముడతలు పడి, మనిషికంటే పదేళ్ళు పెద్దవిగా కనిపిస్తాయి. ఎర్ర రబ్బరు చేతొడుగులు గోడకి వేలాడుతూనే ఉంటాయి గానీ బిళ్ళలు తీసేటప్పుడు మాత్రం తొడుక్కోడు. తొడుక్కుంటే చేతికి చూపు పోతుందంటాడు. ఆ మాట విన్న లెక్చరర్లు నవ్వుకుంటారు. నవ్వుకోనీ, చెయ్యి పనివాడిది, నవ్వు వాళ్ళది.

ఆ చేతులు ఇరవై రెండేళ్ళు జగ్గయ్యపేటలో తాపీ పట్టాయి. పీరా మేస్త్రీ వేసిన గచ్చు మీద గోళీ పెడితే పెట్టినచోటే ఉంటుందని ఊళ్ళో అనేవాళ్ళు. అది ఉత్త పొగడ్త కాదు. గృహప్రవేశానికి ముందురోజు ఇంటివాళ్ళని పిలిచి, గది మధ్యలో నిజంగానే గోళీ పెట్టి చూపించేవాడు. పిల్లలు చుట్టూ చేరి ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళు. గోళీ కదిలేది కాదు. పీరా మీసం కింద చిన్నగా నవ్వుకుని దాన్ని జేబులో వేసుకునేవాడు.

తొంభయ్యారులో ఈ కాలేజీ కట్టేటప్పుడే గోడకి కట్టిన సారవ మీంచి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. కాలేజీ కట్టిస్తున్న బియ్యం వ్యాపారి వరప్రసాదరావు ఆస్పత్రికొచ్చి, “మేస్త్రీ, ఇంక నీకు నిచ్చెనలొద్దు. నువ్వు కట్టిన నీడలోనే ఏదో ఒక పని చేసుకో” అని లాబ్‌లో అటెండరుగా వేశాడు. మొదటి రెండు నెలలూ పీరాకి అన్నం సయించలేదు. “ఏం మేస్త్రీ, గిన్నెలు తోముతున్నావంటగా” అని పాత కూలీలు బస్టాండులో పలకరిస్తే తల దించుకుని వెళ్ళిపోయేవాడు.

అతన్ని నిలబెట్టింది అగారే. సముద్రపు నాచు పొడిని మాంసం సారంతో కలిపి ఉడికించి గాజు పళ్ళాల్లో పోస్తే చల్లారి జున్నులా పేరుకుంటుంది. దాని మీద సూక్ష్మజీవుల్ని పెంచుతారు. తర్వాత చిన్న చిన్న గుంటలు కోసి వాటిల్లో మందు పోస్తారు. ఆ మందుకి సత్తా ఉంటే తెల్లారేసరికి గుంట చుట్టూ ఏమీ పెరగని వలయం ఏర్పడుతుంది. వలయం ఎంత పెద్దదైతే మందు అంత గట్టిదన్నమాట. అప్పట్లో పనిచేసే టెక్నీషియన్ పళ్ళాలు పోస్తుంటే, అగారు ఒక పక్కకి వాలి పేరుకోవడం పీరా చూశాడు. అతని కంటికి అది వాటం తప్పిన గచ్చు. మర్నాడు తెల్లవారకముందే వచ్చి బల్ల కాళ్ళ కింద రేకు ముక్కలు పెట్టి, రసమట్టం పెట్టి చూసి, బల్లని సాపు చేశాడు. ఆ రోజు పళ్ళాలన్నీ అద్దాల్లా పేరుకున్నాయి. ఆ తర్వాత పదకొండేళ్ళలో ఆ లాబ్‌లో పళ్ళెం పోసే పని ఇంకొకరికి దక్కలేదు. పీరా ఎప్పుడూ అడిగి తీసుకోలేదు, ఎవరికీ ఇవ్వనూ లేదు.

అలాంటివాడి కుడి వైపున ఇవాళ పన్నెండు పలచటి బిళ్ళలున్నాయి.

కారణం కోసం ఎంతో వెతుక్కోనక్కర్లేకపోయింది. పాత పళ్ళాలు మూడున్నర అంగుళాలవి. రెండు వారాల కింద విజయవాడ నుంచి వచ్చిన కొత్త పళ్ళాలు నాలుగంగుళాలవి. గీత పడని గాజు, తళతళలాడే అంచులు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్నట్టు పీరా మురిసిపోయి ఆ పన్నెండింటినీ తనే కడిగి, తనే తుడిచి, ఎప్పటిలాగే పళ్ళానికి పాతిక మిల్లీలీటర్లు కొలిచి పోశాడు. అరంగుళం పెరిగిందన్న సంగతి కళ్ళకి కనపడుతూనే ఉంది, లెక్కకి మాత్రం తట్టలేదు.

సుద్దముక్క తీసుకుని బల్ల నల్లరాతి మీద లెక్క వేశాడు. మూడున్నర మూడున్నరలు పన్నెండుంబావు. నాలుగు నాలుగులు పదహారు. గుండ్రటి అరుగులకి ఎన్నోసార్లు వేసిన లెక్కే. అరంగుళమే గదా అనుకుంటే పళ్ళెం దగ్గర దగ్గర మూడో వంతు పెరిగింది. అంటే మందం నాలుగో వంతు తగ్గినట్టే. మూడు గదులకి కలిపిన మాలు నాలుగు గదులకి సర్దినట్టయింది. అలా సర్దిన కూలీలని పనిలోంచి వెళ్ళగొట్టిన మేస్త్రీ అతను. పీరాకి సిగ్గేసింది. ఇంత బతుకూ బతికి ఇంటెనకాల చచ్చినట్టయింది గదరా అని పైకే అనుకున్నాడు.

తనొక్కడి సిగ్గయితే దిగమింగేవాడే. కానీ ఆ ఎడమ వరస మీదా కుడి వరస మీదా ఒక ఆడపిల్ల రెండేళ్ళ చదువు నిలబడి ఉంది.

యామిని ఎం.ఫార్మసీ రెండో సంవత్సరం. జగ్గయ్యపేటలో కిరాణా హోల్‌సేల్ కొట్టున్న కుటుంబరావు గారి కూతురు. ఆమె, పీరా రోజూ సాయంత్రం ఒకే పల్లెవెలుగు బస్సులో ఇంటికి వెళ్తారు. రక్తంలో కొలెస్టరాల్ తగ్గించే రెండు రకాల మందుల్ని తీసుకుని, చీము పట్టించే బాక్టీరియా మీద అవి ఏమైనా పనిచేస్తాయా అని చూడడం ఆమె ప్రాజెక్టు. మొదట్లో పీరాకది వింతగా తోచి బస్సులోనే అడిగాడు.

“కొవ్వు తగ్గించే మాత్రకీ, పుండులో పురుక్కీ ఏం సమ్మంధం అమ్మా?”

“అదే చూస్తున్నామండీ పీరా గారూ. ఆ మాత్రలు వేసుకునేవాళ్ళకి ఇన్ఫెక్షన్లు తక్కువొస్తున్నాయని కొంతమంది డాక్టర్లు రాశారు. అది మాత్ర గొప్పా, వాళ్ళ ఒంటి గొప్పా తెలీదు. ప్లేట్ మీద పెడితే తెలుస్తుంది కదా.”

“ఏం చెయ్యకపోతేనో?”

“చెయ్యదని రాస్తా. అదీ తెలియాల్సిందేగా.”

ఆ జవాబు పీరాకి నచ్చింది. ఆ పిల్ల కోసం పళ్ళాలు పోసేటప్పుడు ఇంకొంచెం ఒళ్ళు దగ్గర పెట్టుకునేవాడు. ఆ పళ్ళాలే ఇలా అయ్యాయి చూడండి.

మొదటి మందుని పాత పళ్ళాల మీద చూశారు. వలయం పద్నాలుగు మిల్లీమీటర్లు వచ్చింది. పర్వాలేదనుకున్నారు. రెండో మందుని కొత్త పళ్ళాల మీద చూశారు. పద్దెనిమిది వచ్చింది. గైడు లక్ష్మీకాంత్ సార్ ఆ రోజు నందిగామ నుంచి స్వీట్లు తెప్పించి లాబ్ అంతా పంచాడు. మొదటి మందుకంటే రెండోది మేలు అన్న మాట థీసిస్‌కి ఆయువుపట్టయింది. దాని మీద సార్ గుంటూరు సెమినార్లో పేపరు చదవబోతున్నాడు. థీసిస్ టైపు అయిపోయింది, రేపు బైండింగు, సోమవారం సబ్మిషన్. ఫోటోలు కూడా తీసేశారు గనక నిన్న సాయంత్రమే పళ్ళాలన్నీ బకెట్లో వెయ్యమన్నారు.

ఆ థీసిస్‌లో ఇంకో వాక్యం ఉంది. పోయిన వారం బస్సులో యామిని టైపు కాగితాలు తీసి, వేలు పెట్టి చూపించి, తెలుగులో చెప్పింది. అన్ని పళ్ళాల్లోనూ అగారు మందం ఒకేలా నాలుగు మిల్లీమీటర్లు ఉంది అని. “ఇది మీ వాక్యం పీరా గారూ. నేను రాశానంతే” అంది. పీరా ఆ ఇంగ్లీషు వరసని చిల్లకల్లు నుంచి జగ్గయ్యపేటదాకా చూస్తూనే ఉన్నాడు. తను వేసిన గచ్చులెన్నో ఉన్నాయి గానీ తన పని పుస్తకానికెక్కడం అదే మొదలు. ఆ రాత్రి జహనారాకి మూడుసార్లు చెప్పాడు.

ఇప్పుడు ఆ వాక్యం అబద్ధం. అబద్ధమని భూమ్మీద తెలిసినవాడు తనొక్కడే. ఇరవై నాలుగు బిళ్ళల్నీ చెత్తడబ్బాలో వేసి, వెనక గుంటలో పోసి కాల్చేస్తే ఇంకే సాక్ష్యమూ ఉండదు. పీరా చెత్తడబ్బా వైపు చూశాడు. చూడలేదని చెప్పడం అన్యాయం. కొంచెం సేపు చూశాడు. తర్వాత లేచి, ఎడమ వరసలోంచి ఒక బిళ్ళనీ కుడి వరసలోంచి ఒక బిళ్ళనీ తీసి తెల్లటి పింగాణీ పలక మీద పక్కపక్కన పెట్టి, ఎండిపోకుండా తడి గుడ్డ కప్పాడు.

తొమ్మిదిన్నరకి యామిని వచ్చింది. చేతిలో బైండింగుకి వెళ్ళాల్సిన కాగితాల కట్ట ఉంది. పీరా గుడ్డ తీశాడు.

“ఏంటండీ ఇవి?”

“మన ప్లేట్లే తల్లీ. పట్టుకుని చూడు.”

ఆమె పట్టుకుంది. ఆమె వేళ్ళకి వెంటనే అందలేదు. పీరా రెండు బిళ్ళల్నీ బ్లేడుతో నిలువునా కోసి అంచులు చూపించాడు. అప్పుడు ఆమె కాగితాల కట్ట మెల్లిగా బల్ల మీద పెట్టేసింది.

“పలచగా ఉంటే మందు కిందికి ఇంకడానికి చోటుండదమ్మా. పక్కలకే పోద్ది. పద్దెనిమిది మందు గొప్ప కాదు, నా తప్పు. పళ్ళెం పెద్దదైంది, నేను కొలత పెంచలా.”

యామిని కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. ఏడవలేదు. రుమాలుతో ముఖం గట్టిగా రుద్దుకుని, కాగితాల కట్ట మళ్ళీ చేతిలోకి తీసుకుని, “పదండి, సార్‌కి చెబుదాం” అంది.

లక్ష్మీకాంత్ సార్‌కి ముప్ఫై నాలుగేళ్ళు. చెడ్డవాడు కాదు, తొందర మనిషి. విషయం విని ముందు నమ్మలేదు.

“వేళ్ళతో నొక్కి చూసి చెప్తున్నావా పీరా?”

“తెలిసింది వేళ్ళకే సార్. తమరు స్కేలెట్టి చూసుకోండి.”

మాత్రల మందం కొలిచే వెర్నియర్ తీసుకొచ్చి, పీరా పలక మీద తెచ్చిన రెండు బిళ్ళల్నీ సార్ తనే కొలిచాడు. ఒకటి నాలుగు, ఇంకోటి మూడుకి కొంచెం పైన. మళ్ళీ కొలిచాడు. లాబ్‌కి వెళ్ళి మిగతా ఇరవై రెండూ కొలిచాడు. వెనక్కొచ్చి గది తలుపు దగ్గరికి వేశాడు.

“పొయ్యంగానే తెలీలేదా నీకు?”

“లేద్సార్. కొత్త గాజు చూసి మురిసిపొయ్యా. తప్పు నాదే. పాపది గాదు.”

సార్ కిటికీ దగ్గరికెళ్ళి నిలబడ్డాడు. హైవే మీద ఒక లారీ, దాని వెనక ఇంకో లారీ వెళ్ళాయి.

“ఈ సంగతి మన ముగ్గురికే తెలుసు” అన్నాడు అటు తిరిగే.

పీరాకి అర్థమైంది. పెద్దవాళ్ళ గదిలో తన గొంతు ఎప్పుడూ పైకి లేవదు. ఇప్పుడూ లేవలేదు గానీ ఆగలేదు.

“రేపు ఏ ఊళ్ళోనో ఇంకో పిల్ల ఈ పుస్తకం చూసి ఇదే పని చేస్తది సార్. పద్దెనిమిది రాదు. తన చేతులే మంచియి కావనుకుంటది. మళ్ళీ చేస్తది, మళ్ళీ రాదు. ఆ పిల్లకి ఎవరు చెప్తారు?”

యామిని కాగితాల కట్టని ఛాతీకి హత్తుకుని నిలబడి ఉంది.

“మళ్ళీ చేస్తా సార్. రెండు మందులూ ఒకే సైజు ప్లేట్ల మీద, ఒకే రోజు పెడతా” అంది.

“సోమవారం సబ్మిషన్ యామినీ! పద్నాలుగే వస్తే నీ థీసిస్‌లో ఏం మిగులుతుంది? నా పేపరేం కావాలి?”

“ఏదొస్తే అదే మిగులుతుంది సార్.”

సార్ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. ఆయన ముఖంలో కోపం కనిపించింది, తర్వాత లెక్క కనిపించింది, ఆఖరికి అలసట కనిపించింది. మూలనున్న కుర్చీని కాలితో ముందుకి జరిపి, “కూర్చో పీరా” అన్నాడు. పదకొండేళ్ళలో ఆ గదిలో పీరా కూర్చోవడం అదే మొదటిసారి. అంచు మీద కూర్చున్నాడు.

“ఇవాళ ఎన్ని ప్లేట్లు పొయ్యగలవు?”

“పాత సైజువి ఇరవై అయిదున్నయి సార్. రెండింటికి కరెంటు పోద్ది. ఆ లోపల పోసిస్తా.”

ఆ మాట అనేటప్పుడు అతని వెన్ను తనంతట తనే నిటారైంది.

తర్వాతి నాలుగు గంటలూ పీరా పనిలోంచి తల ఎత్తలేదు. పాత పళ్ళాలు వేడినీళ్ళతో కడిగి, ఓవెన్లో కాల్చి, గుడ్డ మీద బోర్లించాడు. పొడి తూచేది యామిని, కలిపేది తను. ఫ్లాస్కుల మూతికి దూది బిరడాలు బిగించి, కాగితం చుట్టి, దారం కట్టి, ఆవిరితో క్రిములు చంపే ఆటోక్లేవులో పెట్టాడు. పదిహేను పౌన్ల ఒత్తిడి ఎక్కాక ఇరవై నిమిషాలు దాని ముందే నిలబడ్డాడు. మధ్యలో ఎడమ భుజం లాగింది. సారవ మీంచి పడ్డప్పటి నుంచీ ఏదో ఒక కీలు లాగుతూనే ఉంటుంది గనక పట్టించుకోలేదు. యామిని టీ తెచ్చి పక్కన పెడితే అది మీగడ కట్టింది గానీ తాగలేదు.

ఫ్లాస్కుని ముంజేతి లోపలి వైపు ఆనించి, చర్మం ఓర్చుకునే వేడికి వచ్చిందని తెలిశాక మొదలుపెట్టాడు. బల్ల మీద రసమట్టం పెట్టి బుడగ మధ్యలో నిలిచిందాకా చూశాడు. దీపం మంట పక్కన పళ్ళెం మూతని రెండు వేళ్ళ సందు మాత్రం ఎత్తి, కొలత గొట్టంలోంచి పాతిక మిల్లీలీటర్లు ఒకే ధారగా వంచాడు. బుడగ రాలేదు. మూత వేసి, పళ్ళాన్ని చేత్తో కదిలించకుండా పక్క పళ్ళానికి వెళ్ళాడు. చేసేటప్పుడు అతని ఒరుగు నడక కూడా మాయమైంది. సార్ గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాడని యామినికి తెలుసు, పీరాకి తెలియదు.

ఇరవై నాలుగు అయ్యాయి. ఫ్లాస్కు అడుగున ఇంకో పళ్ళానికి సరిపడా మిగిలింది. అంచు కొంచెం పెచ్చు ఎగిరిన ఇరవై అయిదో పళ్ళెంలో దాన్ని కూడా కొలిచి పోశాడు.

“అదెందుకండీ? దానికి మందు లేదుగా” అంది యామిని.

“దీని మీద ఏమీ పెట్టమాకమ్మా. ఊరికే వాటితో పాటే వేడి పెట్టెలో పెట్టు. పొయ్యటంలో మనం ఏమన్నా దుమ్మూ ధూళీ పడేస్తే ఇది చెప్పిద్ది.”

పేరుకున్న పళ్ళాలన్నిటినీ బోర్లా తిప్పి ఫ్రిజ్‌లో సర్దేసరికి ఒంటిగంటా నలభై. రెండింటికి కరెంటు పోయింది. పీరా చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగి, హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

సాయంత్రం బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. జగ్గయ్యపేట బస్టాండు నుంచి ఇంటికి నడిచేటప్పుడు తను గచ్చు వేసిన ఇళ్ళు దారిలో నాలుగు తగుల్తాయి. రోజూ తల తిప్పకుండా వెళ్ళేవాడు ఇవాళ నాలుగింటి గుమ్మాల్లోకీ చూసుకుంటూ వెళ్ళాడు.

జహనారా మామిడికాయ పప్పు చేసింది. అతను తింటూ పొద్దుటి నుంచీ జరిగిందంతా చెప్పాడు. ఆమె విసనకర్ర ఆపి విన్నది.

“ఏందయ్యా నువ్వు! చదువుకున్నోళ్ళే చూసుకోలా. కందకి లేని దురద కత్తిపీటకెందుకంట?”

“పోసింది కత్తిపీటే గదే.”

ఆమెకి నవ్వొచ్చింది. “ఉద్యోగం తీసేస్తే తెలిసొచ్చేది.”

“తియ్యలా. సారు కుర్చీ వేసి కూచోమన్నాడు” అన్నాడు పీరా, ఇంకో ముద్ద కలుపుతూ. “నాలుగు మిల్లీమీటర్లు పోసొచ్చా. ఒక్క వెంట్రుక వాసి తేడా ఉండదు చూడు. నీ మీదొట్టు.”

“నా మీదెందుకు, నీ ప్లేట్ల మీద పెట్టుకో ఒట్టు” అని ఆమె పప్పు ఇంకొంచెం వడ్డించింది. వద్దనకుండా తిన్నాడు.

మర్నాడు మసీదులో తెల్లవారి అజా అయ్యాక కూడా పీరా లేవలేదు. జహనారా భుజం మీద చెయ్యి వేసి పిలిచింది. రెండోసారి పిలవలేదు.

మధ్యాహ్నం ఖననానికి కాలేజీ నుంచి అందరూ వచ్చారు. వరప్రసాదరావు గారొచ్చారు. బస్టాండులో గిన్నెల మాట ఎత్తిన పాత కూలీలూ వచ్చారు, వాళ్ళలో ఇద్దరు జనాజాకి భుజం పట్టారు. యామిని జహనారా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. జహనారాయే అంది, “నువ్వెళ్ళమ్మా. ఆయన పోసినయి ఎండిపోతయ్యేమో” అని.

ఆ సాయంత్రమే లక్ష్మీకాంత్ సారూ యామినీ కలిసి ఇరవై నాలుగు పళ్ళాల మీదా బాక్టీరియా పూసి, గుంటలు కోసి, పన్నెండింట్లో ఒక మందూ పన్నెండింట్లో ఇంకో మందూ పోసి, ఇరవై అయిదోదాన్ని ఊరికే వాటితో పాటు వేడి పెట్టెలో పెట్టారు. మర్నాడు, శుక్రవారం సాయంత్రం తీసి కొలిచారు. మొదటి మందుకి పద్నాలుగు. రెండో మందుకీ పద్నాలుగే. రెండూ ఆ బాక్టీరియాని కొంచెం ఆపుతున్నాయి, ఒకదానికంటే ఒకటి మేలు కాదు. సార్ స్కేలు కింద పెట్టాడు. తర్వాత గుంటూరు వాళ్ళకి తనే ఫోన్ చేసి పేపరు వెనక్కి తీసుకున్నాడు.

యామిని మందం కూడా కొలిచింది. ఒక్కో బిళ్ళనీ కోసి, వెర్నియర్ పెట్టి, ఇరవై నాలుగుసార్లు. నాలుగు. నాలుగు. నాలుగు. పదో బిళ్ళ దగ్గర ఆమెకి అంకె కనపడడం మానేస్తే సార్ వెర్నియర్ అందుకున్నాడు.

“చదువుతా, రాసుకో” అన్నాడు. ఆఖరుదాకా చదివి, “పీరా గారు ఎక్కడా తప్పలేదు” అన్నాడు. గారు అని ఆయన అనడం యామిని అంతకుముందు వినలేదు.

ఆ రాత్రే థీసిస్‌లో ముప్ఫై పేజీలు మార్చారు. రెండో మందు మేలన్న మాట ఎక్కడెక్కడుందో వెతికి కొట్టేశారు. మందం గురించిన వాక్యం దగ్గర యామిని పెన్ను ఆగలేదు. దాన్ని తాకనక్కర్లేకపోయింది. శనివారం బైండింగైంది, సోమవారం పుస్తకం వెళ్ళిపోయింది.

పళ్ళాలన్నీ లైసాల్ బకెట్లోకి వెళ్ళాయి. వేడి పెట్టె కింది అరలో, వెనక్కి, అంచు పెచ్చు ఎగిరినది ఒకటి మాత్రం మిగిలింది. ఎవరూ తియ్యలేదు. వారం తర్వాత యామిని తలుపు తెరిచి దాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూసింది. ఒక్క చుక్క లేదు, ఒక్క మచ్చ లేదు, ఏమీ మొలవలేదు. ఈ అంచు నుంచి ఆ అంచుదాకా అగారు పోసినప్పటిలాగే నున్నగా, తేటగా ఉంది.